అమ్మోరి చెల్లెళ్ళు

జూన్ 11

ఐదు రాళ్ళు పాతాం. పాతాం అంటున్నానుగానీ గునపం పట్టింది అసిరయ్య మావ. నేను గొడుగు పట్టుకుని పర్యవేక్షించాను. సిమెంటు రాళ్ళు, మోకాలెత్తు, నెత్తికి ఎర్రరంగు. గంగమ్మ తాటాకు పందిరి ముందర, ఒడ్డు పొడుగునా ఒక వరసలో. మోహనకృష్ణ సార్ జీపీఎస్ పెట్టెను ఒక్కో రాయి నెత్తిన కూర్చోబెట్టి, అది ఉపగ్రహాలతో మాటలు ముగించేదాకా ఊపిరి కూడా తియ్యకుండా నిలబడ్డారు. విశాఖపట్నం నుంచి ఇంత దూరం వచ్చి, ఎండలో మాడి, చివరికి చెప్పింది ఒక్క ముక్క: "రాయి కదలదు, సముద్రం కదుల్తుంది. ఈ రెంటి మధ్య దూరం నెలనెలా కొలవాలి. అంతేనమ్మా మన సైన్సు."

పెట్టె మళ్ళీ నవంబర్లో వస్తుంది. ఈలోగా నేనూ, టేపూ.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

"ఇసక కొలవడానికేటే ఎమ్మెస్సీ సదివినావు?" అంది. "స్కూలు ఉద్యోగం ఒగ్గీసినావు, బ్యాంకు కోచింగు ఒగ్గీసినావు, హైదరాబాదు ఒగ్గీసినావు. దీన్నెప్పుడు ఒగ్గీస్తావో ముందే సెప్తే మీ నాన్న బండి తెస్తారు."

నరసన్నపేట నుంచి ఇక్కడికి ఎంత దూరమని! అయినా ఈ ఇసకపేటని అమ్మ ఏదో దీవిలాగ మాట్లాడుతుంది. నవంబరు దాకానే కదా అన్నాను. ఆ మాట ఆవిడకి చెప్పానో, నాకు చెప్పుకున్నానో.

జూన్ 12

గది బాగుంది. అంటే గది బాగులేదు, గదిలోంచి వినబడేది బాగుంది. ఇది దేముడమ్మ అత్త ఇల్లు, అసిరయ్య మావ భార్య. ఒకవైపు గోడ నిరుటి తుపానుకి కూలితే అక్కడ తాటాకు తడికె కట్టారు. ఆ తడికెకి ఇవతల నేను, అవతల వాళ్ళ కాపరం. ఆవిడ చేపలమ్ముతుంది. ఆయన చేపలు పడతాడు. ఇద్దరూ రోజంతా దెబ్బలాడుకుంటారు. దేని గురించి అని అడగడం అనవసరం. ఇవాళ ఉప్పు గురించి.

నన్ను అనూరాధ అని పిలవడం ఆవిడకి కుదరడం లేదు. "ఒలే కొలత గుంటా" అని నన్ను కొలతల పిల్లగా ఖాయం చేసేసింది.

జూన్ 14

పొద్దున్న వెళ్ళేసరికి మూడో రాయికి తాడు కట్టి బోటు లాగుతున్నారు! వేట నిషేధం ఈ రాత్రితో అయిపోతుంది కదా, ఒడ్డంతా హడావుడి. అరిచాను.

"రాయేటి, బంగారవేటి?" అన్నాడొకాయన.

సముద్రమట్టం గురించి చెప్పాను. భూమి వేడెక్కడం గురించి చెప్పాను. మంచు కరగడం దాకా వెళ్ళాను. తాడు విప్పలేదు. చివరికి నోటికొచ్చింది అనేశాను: "అవి అమ్మోరి చెల్లెళ్ళు. గంగమ్మ ముందర వరసగా ఎందుకు పెట్టాననుకున్నారు?"

తాడు విప్పేశారు. లెంపలు కూడా వేసుకున్నారు.

సాయంత్రానికల్లా నారాయణమ్మ పసుపు గిన్నె పట్టుకుని వచ్చింది. అమ్మోరికి చేసే పనులన్నీ ఈ పెద్దావిడవే. ఐదు రాళ్ళకీ పసుపు రాసి బొట్లు పెట్టి, "పేర్లేటి ఈల్లకి?" అని అడిగింది. పేర్ల సంగతి నేను ఆలోచించలేదు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు" అన్నాను.

"సదువుకున్నోల్లకి ఆడపిల్లలకి పేరెట్టడం కూడా రాదు" అని ఆవిడే ఏవో పేర్లు పెట్టుకుంది.

ఇంక ఎవడూ ముట్టుకోడు. ఫీల్డ్ వర్క్‌లో ఈ పద్ధతి ఏ యూనివర్సిటీలోనూ నేర్పరు. సార్‌కి చెప్పలేదు, నవ్వుతారు.

జూన్ 15

మొదటి బోట్లు వచ్చాయి! ఏం రాయను. రెండు నెలలు పస్తున్న ఊరు ఒక్కసారి కళ్ళు తెరిచినట్టుంది. బోటు ఇంకా నీళ్ళలో ఉండగానే దేముడమ్మ అత్త చీర మోకాళ్ళ పైకి దోపి, అలల్లోకి దిగిపోయి, మోచేతులతో ఇద్దరిని పక్కకి నెట్టి బుట్ట ముందుకు తోసింది.

"ఒలే, నాను ముందొచ్చినాను!"

"ముందొస్తే ఏటి, నీ మొగుడి బోటేటి ఇది?"

"నా మొగుడి బోటైతే నాను తీరిగ్గా వొద్దును. ఆడు నా కోసం ఉంచుతాడు. ఇది కాదు గనకే తొందర!"

అందరూ నవ్వారు, బోటు వాడితో సహా. బుట్ట నిండా కవళ్ళు, చిన్న వెండి చేపలు. ఒడ్డుకి ముందు చేరినవాళ్ళదే బేరం, అదే ఇక్కడి చట్టం. అందుకే ఆవిడ ఇంట్లో ఏ పని చేస్తున్నా ఒక కన్ను సముద్రం మీదే ఉంటుంది.

నా కాళ్ళు కూడా తడిశాయి. ఎవరూ పిలవలేదు. నేనే వెళ్ళాను.

జూలై 10

నేను ఒక్కదాన్నీ తీసిన తొలి కొలత. రాళ్ళ నుంచి పోటు నీళ్ళు ఆగిన గీత దాకా సగటున పన్నెండున్నర మీటర్లు. జూన్‌లో పదమూడు. సముద్రుడు అర మీటరు తిన్నాడన్నమాట. సార్ "మాన్సూన్‌లో మామూలే" అన్నారు.

జూలై 12

దేముడమ్మ అత్త అడిగింది, ఇంతకీ సముద్రం ఎంత పెరుగుతోందని.

"ఏడాదికి మూడు నాలుగు మిల్లీమీటర్లు అత్తా."

"అంటే?"

ఒక బియ్యపు గింజ నిలబెట్టి, దాని కన్నా తక్కువే అన్నాను. ఆవిడ గింజ వైపు చూసింది, నా వైపు చూసింది. "దీనికా నిన్ను అంత దూరం పంపి సదివించినారు! పాపం మీ నాన్న."

నాకు రోషం వచ్చింది. వెడల్పు కంచం తీసుకుని, ఒక పక్క కింద పుల్ల పెట్టి వాలుగా ఉంచి, గంజి పోశాను. గంజి ఒక మూలకి చేరింది. ఇంకొక్క గరిటె పోశాను. గంజి ఎత్తు పెరిగినట్టు కనపడదు, అంచు మాత్రం కంచంలో నాలుగు వేళ్ళు పైకి పాకింది.

"ఒడ్డు ఇంత చదునుగా ఉంటే, పెరిగేది గింజంతే. వచ్చేది మాత్రం బారెడు. పైగా నదులు తేవలసిన ఇసక కూడా తగ్గింది."

ఆవిడ చాలాసేపు కంచం చూసింది. తర్వాత గంజి తాగేసింది. "ఉప్పు నేదు" అంది.

జూలై 31

పెద్దనాన్న కూతురి పెళ్ళికి నరసన్నపేట వెళ్ళి ఇవాళ వచ్చాను. నాలుగు రోజులూ వాన, గాలి. పెళ్ళిలో ప్రతి ఒక్కరూ "ఇప్పుడు ఏం చేస్తన్నావే" అని అడిగారు. "సముద్రాన్ని చూసుకుంటున్నాను" అని చెప్పాను. అక్కడ పిల్లాడెవడైనా ఉన్నాడేమో అనుకుని అమ్మ వైపు జాలిగా చూశారు.

ఇక్కడ మాత్రం ఏదో పండగైనట్టుంది. ఒడ్డున అరటాకులు, పగిలిన కొబ్బరికాయలు. దేముడమ్మ అత్త నా వాటా పాయసం గిన్నెలో మూత పెట్టి ఉంచింది. ఏం పండగో అడగలేదు. పాయసం చల్లగా బాగుంది.

రాళ్ళకి తాజాగా పసుపు. అందంగా ఉన్నారు ఐదుగురూ.

ఆగస్టు 9

పదమూడున్నర మీటర్లు!!

మళ్ళీ కొలిచాను. మళ్ళీ కొలిచాను. పదమూడున్నరే. ఇంత గాలివానల్లో కూడా ఒడ్డు వెనక్కి పోలేదు, పైగా పెరిగింది. సార్‌కి ఫోన్ చేస్తే అంకె రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత "వెరీ ఇంట్రెస్టింగ్, అనూరాధా" అన్నారు. పైకీ కిందకీ తీరమంతా సముద్రం కోసేస్తుంటే మన ఇసకపేట ఒక్కటే నిలబడుతోందట. దీని మీద ఒక పేపరు రాయొచ్చట. నా పేరుతో.

ఒడ్డు మీద పరిగెత్తాను. కుక్కలు కూడా పరిగెత్తాయి, ఎందుకో తెలియకుండానే.

ఆగస్టు 17

ఇల్లు శాంక్షనయింది, దేముడమ్మ అత్తకి. పక్కా ఇల్లు, శ్లాబు. పొద్దున్నుంచీ తడికె అవతల యుద్ధం.

ఆవిడకి ఇల్లు ఒడ్డు వరసలో, ఇప్పుడున్న చోటే, వాకిలి సముద్రానికి కావాలి. "బోటు కనబడితే దూకీడానికి."

ఆయనకి వెనకాల సరుగుడు తోట మొదట్లో, తన వాటా జాగాలో కావాలి. "కూట్లో ఇసక లేకుండా ఒక్క పూట తినాల. ముప్పై ఏల్లయింది, ఇసక తింటన్నాను."

"ఇసక తింటేనే ఇంత బలుపు. నేకపోతే ఏటైపోదువో!"

మధ్యాహ్నానికి ఇద్దరూ నా గుమ్మంలో ఉన్నారు. అత్త నా రెండు భుజాలూ పట్టుకుంది.

"ఒలే, నువ్వు కొలుస్తన్నావు గదా. ఒక్క మాట సెప్పు. సముద్రం వస్తన్నాదా, నేదా?"

"రావట్లేదత్తా."

"ఒట్టు?"

"లెక్క ఉంది నా దగ్గర."

ఆవిడ నన్ను గట్టిగా కావలించుకుంది. చేపల వాసన, మల్లెపూల వాసన, రెండూ కలిసి. అసిరయ్య మావ గోచీ బిగించుకుంటూ, "గవర్మెంటు కూడా ఆడోల్ల పక్కే" అని వెళ్ళిపోయాడు.

నా మాట మీద ఒకరు ఇల్లు కట్టుకోబోతున్నారు. ఇంతవరకూ నా మాట మీద ఎవరూ కాఫీ కూడా పెట్టలేదు.

సెప్టెంబరు 12

పదమూడు. జూన్‌లో ఎంతో ఇప్పుడూ అంతే. చెక్కుచెదరలేదు.

సెప్టెంబరు 23

విశాఖపట్నం మీటింగు నుంచి వచ్చాను. పెద్ద తెర మీద నా గ్రాఫు, కింద నా పేరు. గీత సరళంగా, మా నాన్న పొలం గట్టులాగ. ఎవరో ఒకాయన లేచి, "అక్కడ ఇసక ఎక్కడినుంచి వస్తోందంటారు?" అని అడిగాడు. సార్ నా వైపు చూశారు. "పరిశీలిస్తున్నామండి" అన్నాను. గొంతు భలే గంభీరంగా వచ్చింది.

ఇక్కడ వారం రోజులు కెరటాలు బాగా లేచాయట. నేను లేనప్పుడే మళ్ళీ ఏదో సంబరం చేసుకున్నారు, డప్పుల వాళ్ళు ఇంకా వెళ్ళలేదు. ఈ పేటకి నేను ఊళ్ళో లేకపోతేనే పండగలొస్తాయి.

ఒడ్డు కొంచెం ఇరుగ్గా అనిపించింది. అమ్మోరి పందిరి ఇళ్ళకి దగ్గరగా ఉన్నట్టుంది. పట్నంలో పెద్ద పెద్ద హాళ్ళు చూసొచ్చిన కళ్ళు కదా. ఇసక మీద దూరాలు అలాగే మోసం చేస్తాయి.

అక్టోబరు 10

పన్నెండున్నర. పర్లేదు.

అక్టోబరు 26

పాత ఇల్లు విప్పేస్తున్నారు. మేస్త్రీ వచ్చి ముగ్గు పోశాడు. కార్తీకంలో శంకుస్థాపన, నవంబరు పన్నెండు, బుధవారం. నా గది కూడా పోయింది కాబట్టి నేనూ వాళ్ళతోపాటు నారాయణమ్మ ఇంట్లో. ముగ్గురు ఆడవాళ్ళం వరసగా చాపల మీద. అసిరయ్య మావ అరుగు మీద. నారాయణమ్మ నిద్దట్లో కూడా పూజ చేస్తుంది, ఆవిడ పక్కన పడుకుంటే పుణ్యం పురుషార్థం రెండూ, నిద్ర తప్ప.

నవ్వీ నవ్వీ కడుపు నొప్పి.

నవంబరు 4

సార్ వచ్చారు, పెట్టెతో.

మొదటి రాయి మీద పెట్టారు. చూశారు. తీసి తుడిచి మళ్ళీ పెట్టారు. రెండో రాయి. మూడో రాయి. ఐదో రాయికి వచ్చేసరికి మొహం ఎర్రగా అయింది.

"అనూరాధా, ఈ రాళ్ళు పద్నాలుగు మీటర్లు నడిచాయి."

"రాళ్ళు నడవడమేంటి సార్?"

"నన్నడుగుతావేం? ఇళ్ళ వైపు పద్నాలుగు మీటర్లు. ఐదూ. వరస చెడలేదు, ఎడం చెడలేదు."

పెట్టె పాడైందనుకున్నాం. బ్యాటరీ మార్చాం. అప్పుడు నారాయణమ్మ పసుపు గిన్నెతో వచ్చింది, రోజూ వచ్చేటట్టే. సార్ని చూసి సంబరపడిపోయింది.

"బాబూ, సూసినారా, ఎంత బాగా పెట్టినామో! అమ్మోరి పందిట్లోకి నీలొచ్చినప్పుడల్లా తల్లిని పైకి జరుపుతాం గదా. ఈయేడు రెండుసార్లు జరిపినాం. మరి అక్క ఎల్లిపోతే సెల్లెల్లని నీల్లకి ఒగ్గీస్తామేటి? ఆల్లనీ తెచ్చినాం. ఎడం తప్పకుండా వల తాడుతో కొలిసి మరీ పాతించినాను. ఈ గుంట బాధపడిపోద్దని."

సార్ నా వైపు చూశారు. "చెల్లెళ్ళా?"

చెప్పాను. జూన్ పద్నాలుగున నేనన్న మాట. తాడు విప్పడం. లెంపలు. అంతా.

సార్ ఇసకలో కూలబడ్డారు. కళ్ళజోడు తీసేశారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు. నవ్వలేక కళ్ళు తుడుచుకుంటున్నారు. "రాయి కదలదు అన్నాను నేను. ఎంత గట్టిగా అన్నాను!"

మొదటి చోటు తెలుసు, ఇప్పటి చోటు తెలుసు కాబట్టి లెక్క పోదన్నారు. జరిపిన రోజులు తెలిస్తే నెలల గ్రాఫు కూడా మళ్ళీ గీయొచ్చు. ఆ రోజులు ఎలా తెలుస్తాయంటే, పేటలో ప్రతి ఫోన్లోనూ ఉన్నాయి. సాయంత్రం సార్ అరుగు మీద కూర్చుని, డప్పులకి దేముడమ్మ అత్త వేసిన చిందు వీడియో మీద వీడియో చూస్తూ తారీఖులు రాసుకున్నారు. "ఇంత మంచి డేటా నా సర్వీసులో చూళ్ళేదు" అన్నారు. ఇంకో ఏడాది ఉంటావా అని అడగబోయారు, పూర్తి కాకముందే ఉంటానన్నాను.

పద్నాలుగు మీటర్లు. కొంత చలికాలంలో ఇసకై తిరిగొస్తుందట. అంతా రాదట.

మేస్త్రీ పోసిన ముగ్గు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అక్కణ్ణుంచి నీళ్ళు ఎంతో దూరంలో లేవు. ఎందుకు చూడలేదు నేను?

రేపు చెప్తాను.

నవంబరు 5

ఇటికలు దిగాయి. లారీ ఇసకలో కూరుకుంటే అందరం తోశాం. అత్త మహా ఉషారుగా ఉంది. రేపు చెప్తాను.

నవంబరు 6

లెక్క ఇంకోసారి సరి చూసుకోవాలి కదా. తొందరపడి ఒకసారి చెప్పినందుకే ఇదంతా.

నవంబరు 7

వంజరం వచ్చింది. పులుసు. తిన్నాను. చెప్పలేదు.

నవంబరు 9

అత్త కత్తిపీట ముందు కూర్చుని చేపలు బాగుచేస్తోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. ఇంక లేవకూడదనుకుని కూర్చున్నాను.

"అత్తా, సముద్రం వస్తోంది."

"దినాం వస్తాది, ఎల్తాది."

"వెళ్ళట్లేదు."

"నువ్వే గదే రాదన్నావు."

"తప్పు చెప్పాను. మీరు రాళ్ళు జరిపారని నాకు తెలీదు."

"అమ్మోరిని జరిపితే సెల్లెల్లని జరపమేటి?" అంది, తల ఎత్తకుండా.

"అమ్మోరిని ఎందుకు జరిపారత్తా?"

"నీలొచ్చినాయి గనక..."

చెయ్యి ఆగిపోయింది. చేప సగంలో ఉంది. ఆవిడ తల తిప్పి ఒడ్డు వైపు చూసింది, తర్వాత ఇటికల గుట్ట వైపు.

ఈ ఏడు రెండుసార్లు డప్పులు కొట్టించి, పాయసం వండి, చిందేసిన మనిషి. తల్లి పైకి వచ్చింది కాబట్టి తల్లికీ నీళ్ళకీ మధ్య ఎప్పటిలాగే ఎడం ఉంది. ఇంక భయమేముంది? నా పదమూడు మీటర్లూ ఆవిడ నమ్మకమూ రెండూ ఒకటే. ఇద్దరం అదే చూసి మురిసిపోయాం.

"ఎంతొచ్చినాది?"

చెప్పాను.

లేచి, చేతులు కడుక్కుని, వెళ్ళిపోయింది. మిగతా చేపలు నేను బాగుచేశాను. వేలు కోసుకున్నాను.

నవంబరు 10

మాట్లాడలేదు.

అన్నం మాత్రం కంచంలో పెట్టి నా ముందుకు తోసింది. అసిరయ్య మావ వల బాగుచేసుకుంటున్నాడు. "నువ్వు గెలిచావు కదా మావా" అన్నాను, నవ్వించడానికి.

"ఏటి గెలుపు" అన్నాడు. "అది ముప్పై ఏల్లు ఒడ్డుని సూసుకునే బతికినాది. సరుగుడు తోటలో కూకోబెడితే బోనులో పెట్టినట్టే గదా."

నవంబరు 11

సార్‌కి ఫోన్ చేశాను. ఇల్లు ఎంత వెనక్కి ఉంటే ముప్పై ఏళ్ళు నిలబడుతుందని. సార్ చాలా చెప్పారు. ఇంత నుంచి ఇంత దాకా అన్నారు. వాయుగుండాలు, ఇసక, కాలుష్యం ఎంత తగ్గిస్తారన్నది. "ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరమ్మా."

"రేపు పొద్దున్న ముహూర్తం సార్. ఎవరో ఒకరు చెప్పాలి."

"నువ్వు చెప్పు" అన్నారు.

నవంబరు 12

డప్పులతో లేచాను. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. బయటికొస్తే పేటలో ఆడవాళ్ళంతా ఇటికల గుట్ట దగ్గర. ఒక్కొక్కరి నెత్తిన చుట్టకుదురు, దాని మీద రెండేసి ఇటికలు. నారాయణమ్మ ముందర, పసుపునీళ్ళ బిందె చంకనెట్టుకుని. దేముడమ్మ అత్త తల దువ్వుకుని, కొత్త చీర, పూలు. నెత్తిన మాత్రం నాలుగు ఇటికలు, ఎవరికంటే తక్కువ కాకూడదని.

"ఒలే కొలత గుంటా!" మూడు రోజుల తర్వాత పిలుపు. "నీ టేపు తే. బేగి రా. ముహూర్తం దాటిపోతాది."

"ఎక్కడికత్తా?"

"అమ్మోరే జరగ్గా నేంది, నాను జరగనేటి? ఎంతదాకా జరగాలో నువ్వే సెప్పాల. ఈసారి తప్పు సెప్పినావంటే ఈ ఇటికలన్నీ నీ నెత్తిన పెట్టి తిరిగి మోయిస్తాను."

టేపు ఒక చివర పోటు గీత మీద రాయి పెట్టి అదిమాను. రెండో చివర పట్టుకుని వెనక్కి నడవడం మొదలుపెట్టాను. నా వెనక నారాయణమ్మ, ఆవిడ వెనక డప్పులు, వాటి వెనక ఇటికల బారు. నేను ఆగితే అందరూ ఆగుతారు. మేస్త్రీ ముగ్గు దాటాం.

"ఇక్కడేటి?"

"ఇంకా."

కూలిన పాత గోడ దాటాం. టేపు అయిపోతే మళ్ళీ అక్కణ్ణుంచి పట్టాం.

"ఇక్కడ?"

"ఇంకా."

సరుగుడు తోట మొదలు. అసిరయ్య మావ అప్పటికే తన జాగాలో నిలబడి మీసం సవరించుకుంటున్నాడు. "ఇక్కడేగా నాను మొదట్నుంచీ సెప్తన్నాది!"

టేపు చూశాను. ముప్పై ఏళ్ళ లెక్క చూశాను. "ఇంకా వెనక్కి మావా."

చెయ్యి మీసం మీదే ఉండిపోయింది. ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. అత్త ఇటికలు నెత్తిన పట్టుకుని నవ్వలేక నవ్వుతూ, "సూసినావా, నీ లెక్కా తప్పే!" అంది. మూడు రోజులుగా చూడని నవ్వు. ఆ నవ్వు కోసం ఇంకో వంద మీటర్లు నడిచేదాన్ని.

తోట దాటితే గట్టు, గట్టు మీద నారాయణమ్మ చేపలెండబెట్టే కల్లం. అక్కడ నేల కొంచెం ఎత్తు. నేను ఆగాను. ఎవరి జాగాలో ఆగానో అప్పుడు తట్టింది. డప్పులు కూడా ఆగాయి. అందరూ నారాయణమ్మ వైపు చూశారు.

ఆవిడ బిందె దించింది. "నా కల్లం తీసుకుని ముందర జాగా నాకియ్యి దేముడమ్మా. సేపలు అక్కడే ఎండబెడతాను, బోట్లకి దగ్గర. సముద్రమొస్తే సేపలెత్తుకుని పారిపోతాను. నువ్వు ఇల్లెత్తుకుని పారిపోగలవేటి?"

"ఈ మాట పదేల్ల కిందట అంటే ఏటి సెడిపోను!"

"పదేల్ల కిందట నువ్వు నాతో మాటాడీదానివేటి?"

నాకు తెలియని ఏదో పాత తగాదా. మళ్ళీ నవ్వులు. అత్త ఇటికలు దించకుండా సముద్రం వైపు తిరిగి నిలబడింది. సరుగుడు చెట్ల మధ్యనుంచి రెండు వేళ్ళ వెడల్పున నీలం. అంతే కనబడుతోంది. మొహం మెల్లగా మారడం చూశాను. పేటంతా చూసింది.

"ఇందులోంచి బోటు ఏటి కనిపిస్తాది?" అంది, ఎవరితోనో తెలియనట్టు.

అసిరయ్య మావ దగ్గరికొచ్చాడు. ఆవిడ భుజం పక్కన తల పెట్టి, ఒక కన్ను మూసి, ఆ సందులోంచి చూశాడు. ఎంతోసేపు చూశాడు, లోతులు లెక్కేసుకునేవాడిలాగ.

"కనిపిస్తాది" అన్నాడు. "ఈ సందుకి ఎదురుగా తిప్పుకుని తెస్తాను బోటు. ఇందులో జెండా కనబడగానే నువ్వు బయల్దేరు. నువ్వొచ్చేదాకా వల ఇప్పను."

ఓఓఓ అని అరిచారు అందరూ. డప్పు వాడు ఒక్క దెబ్బ కొట్టాడు. అత్త మొహం కుంకుమకంటే ఎర్రగా అయింది. "సిగ్గు నేదు ముసలోడా, ఇందరిలోన" అని, నా వైపు తిరిగి, గొంతు మార్చింది.

"మరి ఏటే? ఇక్కడేనా? మెడ ఇరిగిపోతన్నాది."

టేపు చూడలేదు ఈసారి.

"ఇక్కడ" అన్నాను.

ఇటికలు దించింది.